ఒకే ఇంట్లో ఇద్దరు విలన్లు

"ఐస్ ట్రే ఖాళీ చేసినవాళ్ళు మళ్ళీ నీళ్ళు పోసి పెట్టాలా, అక్కర్లేదా?" అన్నాను ఫ్రిజ్ తలుపు పట్టుకుని.

"పోశానక్కా. పొద్దున ఆరింటికే పోశాను," అంది నా తోడికోడలు, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ.

"పోస్తే ఏమైనట్టు? ఫ్రిజ్‌లో ఎండ కాసిందా?"

"అత్తయ్య భుజానికి ఇంకోసారి పెట్టాల్సొచ్చింది. ఆ హడావుడిలో..."

"అదిగో, అలా చెప్పు. పోశానని మొదలుపెట్టడం దేనికి?"

"రెండుసార్లు వాడాను, ఒకసారి పోశాను. ఇందులో అబద్ధం ఏముందక్కా?"

కుడి భుజానికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్న అత్తయ్య మా ఇద్దరి వంకా చూశారు. "మంచుముక్కల కోసం ఇంత రాద్ధాంతమా? నా భుజం వల్లే అయితే చెప్పండే, ఊడదీసి బాల్కనీలో పెట్టేస్తాను."

"అమ్మా, ఈ గొడవ ఐస్‌ది కాదులే," అన్నారు మా ఆయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

నేను ఆయన వంక ఒక చూపు చూశాను. ఆయన మళ్ళీ అద్దాల తుడుపులో పడ్డారు. తోడికోడలు "వెళ్ళొస్తానత్తయ్యా, వెళ్ళొస్తానక్కా" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. కోపంలో కూడా వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళడం ఆమెకే చెల్లు. అదీ నాకు పడదు.

మా ఆయన అన్నది నిజమే. గొడవ ఐస్‌ది కాదు, శనివారం నాటిది.

మాది రెండంతస్తుల ఇల్లు. కింద అత్తయ్య, మేమిద్దరం. పైన మరిది, తోడికోడలు. వంటిల్లు మాత్రం ఒక్కటే. మా ఆయనకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. తోడికోడలు ఫిజియోథెరపిస్టు. బిగుసుకుపోయిన మోకాళ్ళూ భుజాలూ వంచడం ఆమె ఉద్యోగం. హాస్టల్లో ఉండి చదువుకునే మా అమ్మాయి మూడేళ్ళ క్రితం సెలవులకి వచ్చినప్పుడు, నాకు పొద్దుపోవడం లేదని, ల్యాప్‌టాప్‌లో ఒక ఆట పెట్టి ఇచ్చింది. తను నెల తిరక్కుండా మానేసింది. నేను మానలేదు.

దాన్ని ఆట అనవచ్చో లేదో నాకు తెలియదు. గెలవడానికి పాయింట్లు ఉండవు. తెర మీద ఒక రేవు పట్నం ఉంటుంది. ముఖాలు తెలియని నలభై మందిమి శనివారం మధ్యాహ్నం మూడింటికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అందులోకి వెళ్తాం. ఒకాయన రొట్టెలు కాలుస్తాడు. ఒకావిడ దీపస్తంభం కాపరి. ఇంకొకరు పడవ నడుపుతారు. ఎవరి మాటలు వాళ్ళే అప్పటికప్పుడు అల్లుకోవాలి. అందరూ మంచివాళ్ళే అయితే కథ నడవదు కనక, ఒక చెడ్డమనిషి కావాలి. ఆ చెడ్డమనిషిని నేను.

నా పాత్ర పేరు నీళ్ళ దొరసాని. పట్నానికి నీళ్ళు వదిలే తూము తాళం నా నడుముకు ఉంటుంది. ఎదురుచెప్పిన వీధికి నీళ్ళు కట్టేస్తాను. ఈ పాత్ర కోసం నేను పడ్డ శ్రమ ఇంట్లో ఎవరికీ తెలియదు. డైలాగులకి ఒక నోట్‌బుక్ పెట్టాను. కుక్కర్ కూతల చాటున నవ్వు సాధన చేశాను. మొదటిసారి ఆ నవ్వు విన్న రోజున అత్తయ్య పాలు పొంగిపోతున్నాయేమోనని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చారు. మూడేళ్ళలో దొరసానిని ఎవరూ ఓడించలేదు. ఆ సంగతి ఒకసారి గర్వంగా మా ఆయనతో అన్నాను.

"ఒక్కసారి కూడా ఓడిపోలేదా?" అన్నారాయన.

"ఓడిపోతే ఇంక విలన్ ఏమిటండీ?"

"మరి నేను చూసిన ప్రతి సినిమాలోనూ చివర్న ఓడిపోయేది వాడేగా?"

కళ్ళజోళ్ళు అమ్ముకునే ఆయనకి ఏం తెలుసులే అనుకున్నాను.

ఎనిమిది నెలల క్రితం తోడికోడలు నా పక్కన కూర్చుని ఒక శనివారం ఆట చూసింది. "భలే ఉందక్కా, నేనూ రానా?" అంది. రమ్మన్నాను. ఒక్క షరతు పెట్టాను, మనిద్దరం ఒకింటి కోడళ్ళమని అక్కడ ఎవరికీ చెప్పకూడదని. అక్కడ నేను దొరసానిని. అక్కా అక్కా అంటూ ఒకమ్మాయి వెంట తిరిగితే ఆ దర్జా ఉండదు. ఆమె సరేనంది. మాట తప్పలేదు కూడా.

మొదట్లో చేపలమ్మే పాత్ర వేసింది. మూడో నెలలో పట్నానికి కొత్తగా వచ్చిన వైద్యురాలు అయింది. అడిగినవాళ్ళకల్లా మందు ఇచ్చేది, మెత్తగా మాట్లాడేది. కొన్నాళ్ళు గడిచేసరికి ఆమె మందు లేనిదే పట్నంలో ఎవరికీ నిద్రపట్టని పరిస్థితి వచ్చింది. అప్పుడు గాని మాకెవరికీ అర్థం కాలేదు, ఈవిడ వైద్యురాలు కాదు, విలన్ అని. ఒకరోజు రొట్టెలాయన సీసా కోసం ఆమె గుమ్మం ముందు నిలబడి తిట్టాడు, మొరపెట్టుకున్నాడు. ఆమె అంతా విని, "కూర్చోండి. ముందు మీ అమ్మాయి ఎలా ఉందో చెప్పండి," అంది. అంతే. నా హెడ్‌ఫోన్స్‌లో నలభై మంది ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం వినపడింది. నా నవ్వుకి ఎప్పుడూ అలాంటి నిశ్శబ్దం రాలేదు.

పైగా ఆమె ఓడిపోయింది. నెల తిరిగేసరికి రొట్టెలాయనకు మందుగది తాళంచెవి కావాలనే దొరకనిచ్చింది. పట్నమంతా కలిసి ఆమెను రేవులో పడవెక్కించి తరిమేశారు. ఆ సాయంత్రం మా ఆటవాళ్ళ ఫోన్ గ్రూపు నిండా ఆమె గురించే మెసేజ్‌లు. మళ్ళీ ఎప్పుడు వస్తారు, మీరు లేకపోతే తోచదు అని. ఓడిపోయి ఇంత పొగిడించుకున్న మనిషిని అదే చూడడం. వాటికింద పెట్టిన ఎర్ర గుండెలు లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. నాకు ఎన్నడూ పదకొండు దాటలేదు.

అప్పటినుంచీ నా కళ్ళకి ఆమె చేసే ప్రతి పనీ కనపడసాగింది. తడి తువ్వాలు కుర్చీకి వేస్తుంది. చక్కెర డబ్బా మూత సగమే తిప్పుతుంది. తరిమేసిన వైద్యురాలు కొన్ని వారాలకే మళ్ళీ పట్నంలో పడవ దిగింది. శనివారం మధ్యాహ్నం పైగదిలో ఆమె ఆడుతుంటే, కింద నా గదిలో ఒక చెవి హెడ్‌ఫోన్స్‌కి, ఒక చెవి పైకప్పుకి అప్పగించేదాన్ని. పైన సాధన చేసిన చప్పుడు ఎప్పుడూ వినపడలేదు. ఆమెకి నోట్‌బుక్ కూడా లేదు.

ఆ శనివారం ఆట అయ్యాక అడ్మిన్ ఒక ప్రకటన చేసింది. ఈ ఆటంతా నడిపే ఆవిడ ఆమే. గొంతును బట్టి అరవై దాటి ఉంటాయనుకుంటాను. ఏడాదికొకసారి వచ్చే పెద్ద కథ ఈసారి వరద కథ. ఆరువారాలు. ఒక్కరే విలన్. "దొరసాని, వైద్యురాలు ఇద్దరూ తలా ఒక సన్నివేశం ఆడండి. వచ్చే శనివారం దొరసాని, ఆపై శనివారం వైద్యురాలు. చూసి చెప్తాను," అంది. వరద కథకి నీళ్ళ దొరసానిని పరీక్ష పెట్టి తీసుకోవడమేమిటి? మూడేళ్ళ మనిషిని ఎనిమిది నెలల పిల్ల పక్కన నిలబెట్టి తూచినట్టు అనిపించింది. ఐస్ ట్రే గొడవ దానికి మర్నాడు.

ఆ కాగితం సోమవారం దొరికింది.

రోజూ పొద్దున క్లినిక్‌కి వెళ్ళేముందు తోడికోడలు అత్తయ్య చెయ్యి పట్టుకుని నెమ్మదిగా పైకెత్తుతుంది. "పదికి ఎంత నొప్పి అత్తయ్యా?" అంటుంది. "ఆరు." ఇంకొంచెం ఎత్తుతుంది. "ఇప్పుడు?" "ఎనిమిదే తల్లీ." "ఆపెయ్యనా?" "ఇంకొక్క పిసరు కానీయ్." అంత నొప్పి పెట్టే మనిషికి అత్తయ్య చివర్న తల నిమురుతారు. మూడు పూటలా వండి పెట్టే నాకు ఆ నిమరడం లేదు.

వాళ్ళు లేచాక బల్ల తుడుస్తుంటే, అత్తయ్య వ్యాయామాల చార్టు కింద క్లినిక్ కాగితం ఒకటి కనిపించింది. నొప్పి ఎక్కడో గుర్తుపెట్టడానికి మనిషి బొమ్మ అచ్చువేసి ఉండే కాగితం. దాని వెనకవైపు ఆమె గుండ్రటి రాత. పైన "ఎంతదాకా" అని ఉంది. కింద మా పట్నంలో వాళ్ళందరూ. రొట్టెలాయన: తిట్లు 8, కూతురి జబ్బు 5. పడవావిడ: మోసం 9, అవమానం 3. దీపస్తంభం కాపరి: చీకటి 9, ఒంటరితనం 7, మునగడం 0, చిన్నప్పుడు స్కూల్ ఈతకొలను, టీచరు చెయ్యి పట్టి లాగింది.

బల్ల తుడిచే గుడ్డ చేతిలోనే ఉంది. చివరిదాకా చదివాను. ఇదన్నమాట రహస్యం, అనుకున్నాను. ప్రతివాళ్ళ బలహీనతా కూపీ లాగి రాసి పెట్టుకుంది. అందుకే ఆ నిశ్శబ్దం. ఇందులో ప్రతిభ ఏముంది? ఆ అంకెలు ఏమిటని కూడా ఆలోచించాను. ఏ ఆయుధం ఎన్నిసార్లు వాడిందో ఆ లెక్క అని సర్దిచెప్పుకున్నాను. సున్నా అంటే ఇంకా ఎవరూ వాడనిది.

ఆ సర్దిచెప్పుకోవడం ఎంత బలహీనమో నాకు అప్పుడే తెలుసు. రొట్టెలాయనని ఎనిమిదిసార్లు తిట్టినట్టా? వైద్యురాలు ఎవరినీ తిట్టదే! పైగా ఆరు, ఎనిమిది అనే ఆ పాఠం రోజూ నా కళ్ళముందే జరుగుతుంది. ఆమె ఆటలో ఎవరినైనా భయపెట్టేముందు విడిగా వెళ్ళి, ఎంతదాకా ఓర్చుకుంటారో, ఏది వద్దో అడిగి రాసుకుంటోంది. సున్నా అంటే ముట్టుకోవద్దని. ఇదంతా తెలిసే, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చార్టు కింద ఉంచాను. అత్తయ్య చూస్తూనే ఉన్నారు.

శనివారం మూడింటికి గది తలుపు వేసుకున్నాను. దీపస్తంభం కాపరి నా తూము దగ్గరకి వచ్చింది, పైవీధికి నీళ్ళు వదలమని బతిమాలడానికి. ఆమెను తూము గదిలో పెట్టి తలుపు మూశాను. నోట్‌బుక్ తెరవలేదు. నవ్వలేదు. తోడికోడలిలా మెత్తగా మాట్లాడాను.

"మోకాళ్ళదాకా వచ్చాయి కదూ? ఫర్వాలేదు, నిలబడు. ఇప్పుడు నడుము దాకా. గడ్డం పైకెత్తు."

ఆమె ఊపిరి మారింది. ఇంత బాగా నటిస్తోందేమిటని ఒక్క క్షణం ఆమె మీద కూడా అసూయ కలిగింది.

"చిన్నప్పుడు ఒకసారి మునిగావు కదా," అన్నాను. "ఆ రోజు చెయ్యి పట్టుకుని లాగినవాళ్ళు ఈ రోజు లేరు."

హెడ్‌ఫోన్స్‌లో నిశ్శబ్దం. నలభై మందిదీ. మూడేళ్ళుగా నేను కోరుకున్నది అదే. తెర మీద కాపరి బొమ్మ కదలకుండా నిలబడిపోయింది. పక్కన గుండెలు పడడం మొదలైంది, నాలుగు, తొమ్మిది, పద్నాలుగు. పదకొండు దాటడం చూశాను. అప్పుడు అడ్మిన్ గొంతు వినిపించింది. "ఆపండి. అందరూ ఆపండి. కాపరి గారు వెళ్ళిపోయారు."

మర్నాడు కాపరి గ్రూపులో రాసింది. ఆవిడకి ఎక్కడో జిరాక్స్ షాపు ఉందట. ఇన్నేళ్ళయినా షవర్ కింద తల పెట్టలేదట, మగ్గుతోనే పోసుకుంటుందట. "ఆ సంగతి వైద్యురాలికి ఒక్కదానికే చెప్పాను. అది వద్దని చెప్పడానికే చెప్పాను. దొరసాని దాకా ఎలా వెళ్ళింది?" అని అడిగింది.

వైద్యురాలు రెండే వాక్యాలు రాసింది. "కాగితం నా దగ్గర ఉండాల్సింది. బయటికి వెళ్ళిందంటే తప్పు నాది."

అడ్మిన్ నాకు విడిగా మెసేజ్ పెట్టింది. "ఆ మాట ఊహించి అనేది కాదు. ఎవరు చెప్పారు?"

కూరగాయలు తరుగుతూ చేతులు తుడుచుకుని జవాబు కొట్టాను. "ఎక్కడో విన్నానండీ. ఎవరి దగ్గరో గుర్తులేదు."

అందులో ఆమె పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేకుండానే పని జరిగింది. మేం ఒకింట్లో ఉంటామని అక్కడ ఎవరికీ తెలియదు. వైద్యురాలే నోరు జారిందని అందరూ తేల్చేశారు. ఇకమీద ఆమెతో ఏదీ చెప్పుకోబోమని ఒకరి తర్వాత ఒకరు రాశారు. బుధవారం అడ్మిన్ రాసింది: "చెప్పినవారిదే తప్పు, విన్నవారిని ఏమనగలం? కాకపోతే ఇకమీద ముందుగా అడిగి ఆడండి. వరద కథకి విలన్ మీరే."

ఆ మెసేజ్ ఐదుసార్లు చదివాను. సంతోషం వస్తుందేమోనని చూశాను. రాలేదు సరికదా, రొట్టెలాయన చివర్న పెట్టిన ఒక్క వాక్యం మీదే నా కళ్ళు నిలిచాయి. "వైద్యురాలు ఇలా చేసిందంటే నమ్మబుద్ధి కావడం లేదు, బాధగా ఉంది," అని. తప్పు చేసిందనుకుంటూ కూడా ఆమె కోసం బాధపడుతున్నారు. నేను గెలిస్తే ఎవరూ ఏమీ రాయలేదు, అభినందనలని కూడా.

గురువారం పొద్దున తోడికోడలు వంటింట్లో మంచినీళ్ళ సీసా నింపుకుంటూ, "అక్కా, పోయిన వారం బల్ల మీద ఒక కాగితం వదిలేసి వెళ్ళాను. మీరే మడిచి పెట్టారట కదా, అత్తయ్య చెప్పారు. థాంక్సక్కా," అంది.

"దానికి థాంక్స్ ఎందుకు?"

"తడవకుండా పెట్టారు కదా."

అంతే అంది. సీసా మూత సరిగ్గా బిగించి వెళ్ళిపోయింది. ఆ గొంతులో వైద్యురాలు ఉందేమోనని ఆ రోజంతా వెతికాను. బెదిరించిందా, తెలిసీ ఊరుకుందా, నిజంగానే తెలియదా? అది బెదిరింపే అయి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఇద్దరం సమానం అయ్యేవాళ్ళం.

ఆదివారం మధ్యాహ్నం అందరం కలిసి తింటాం. ఆ రోజు మరిది కాస్త ఉత్సాహంగా ఉన్నాడు. వారం రోజులుగా ఆగిపోయిన లిఫ్టు ఏదో నడిచిందట.

"వదినా, విలన్ పోస్టు మీకే వచ్చిందటగా. పార్టీ లేదా?" అన్నాడు.

"ఇంట్లో కూడా అదే పోస్టు కదరా, పార్టీ దేనికి?" అన్నారు మా ఆయన.

అత్తయ్య నవ్వలేదు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని నా వంక చూస్తున్నారు.

"నేను ఆట మానేస్తున్నా," అంది తోడికోడలు, గిన్నె మరిది వైపు జరుపుతూ. "సాయంత్రం అకౌంటు తీసేస్తా."

"అదేంటి? ఒక్కసారి మాటపడితే మానేస్తావా?" అన్నాడు మరిది.

"మాటపడినందుకు కాదు. అక్కడ ఇంక నాకెవరూ ఏదీ చెప్పరు. వాళ్ళు చెప్పకపోతే ఎక్కడ ఆపాలో నాకు తెలీదు. తెలీకుండా ఎవరినీ భయపెట్టడం నా వల్ల కాదు."

"పేషెంట్లలాగే అన్నమాట," అన్నారు మా ఆయన.

"అంతే బావగారూ. నొప్పి ఎంతో చెప్పని మనిషి చెయ్యి నేను ఎత్తలేను."

నోట్‌బుక్ నిండా రాసుకున్న మూడేళ్ళలో నాకు ఒక్కసారైనా ఆ మాట తట్టలేదు. మొదటిసారి ఆమె మీద అసూయకి ఒక సరైన కారణం దొరికింది. ఆమె నాకన్నా బాగా ఆడుతుంది, అంతే. సాయంత్రం ఆమె అకౌంటు తీసేస్తే పట్నంలో మళ్ళీ నేనొక్కదాన్నే విలన్‌ని. ఆ ఎత్తున ఆడే మనిషి అక్కడ ఉండదు, ఆమె ఎలా ఆడిందో తెలిసిన నేను మాత్రం ఉంటాను.

గరిట కింద పెట్టాను.

"నువ్వేం మానక్కర్లేదు," అన్నాను. "నీ కాగితం చదివింది నేను. మడవకముందు మొత్తం చదివాను. సున్నా అంటే ఏమిటో తెలిసే వాడుకున్నాను."

"ఏ కాగితం?" అన్నారు మా ఆయన.

"తర్వాత చెప్తానండీ. ముందు ఇది వినండి." నా గొంతు దొరసానిదీ కాదు, ఎవరిదీ కాదు. "సాయంత్రం గ్రూపులో రాస్తాను. మనిద్దరం ఒకింటి కోడళ్ళమని, ఆ కాగితం మన భోజనాల బల్ల మీద దొరికితే నేను దొంగతనంగా చదివానని. వరద కథకి విలన్‌గా నేను ఉండను. నిన్ను పెట్టుకోమని అడ్మిన్‌కి చెప్తాను. నన్ను ఆటలో ఉండనిస్తారో, పొమ్మంటారో వాళ్ళిష్టం."

అత్తయ్య మళ్ళీ చెంచా ఎత్తి తినడం మొదలుపెట్టారు. మరిది నన్నూ భార్యనీ మార్చి మార్చి చూశాడు. తోడికోడలు ఏడవలేదు, థాంక్స్ అనలేదు, ఫర్వాలేదులే అక్కా అని కూడా అనలేదు. కంచం పక్కకి జరిపింది.

"గ్రూపులో తర్వాత రాయొచ్చక్కా. ముందు కాపరి గారికి ఫోన్ చేసి చెప్పండి. ఆవిడ అందరితో పాటు చదివి తెలుసుకోకూడదు."

ఆ వరస కూడా ఆమెకే తట్టింది. మళ్ళీ అదే అసూయ రేగింది. తగ్గుతుందని నేనేమీ అనుకోలేదు.

"నంబరు ఇవ్వు," అన్నాను. "చెయ్యి కడుక్కోగానే ఆవిడకే చేస్తాను."